అప్పగింతలు లేని సాగనంపు

ఎల్బీనగర్ దగ్గర రెండు పెద్ద దారులు హైదరాబాదులోకి దిగుతాయి. ఒకటి విజయవాడ, సూర్యాపేటల మీదుగా వచ్చేది. రెండోది నాగార్జునసాగర్ నుంచి మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం దాటి వచ్చేది. ఉమ్మడి నల్లగొండ, రంగారెడ్డి పల్లెల రోగాలన్నీ ఈ రెండు దారుల వెంటే నగరానికి చేరతాయి. అందుకే ఎల్బీనగర్ నుంచి కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మలక్‌పేట దాకా మెట్రో లైనుకు అటూ ఇటూ ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులే. అడ్మిషన్ కోసం వచ్చేవాళ్ల ఆత్రం అక్కడ అందరికీ కనిపిస్తుంది. డిశ్చార్జి అయి పోయేవాళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోరు. సూది తీసిన చోట దూది, చంకలో రిపోర్టుల కవరు, చేతిలో గోలీల సంచీ, పక్కన తోడొచ్చిన మనిషి, ముందు దేవరకొండ బస్సు. బాగయింది, ఇంటికి పోతున్నరు అనుకుంటాం.

2022 ఆగస్టు 25న సాగర్ దారిలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 34 మంది ఆడవాళ్లు పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. ఆపరేషన్ అయింది, ఇళ్లకు పోయారు. వారం తిరగకుండానే వాళ్లలో నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్న పిల్లల తల్లులు. వాళ్ల పేర్లు అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆ పిల్లలు ఇప్పుడు బళ్లలో చదువుకుంటూ ఉంటారు కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు.

ఇక పిల్లలు చాలు అనుకున్న ఇంట్లో ఆపరేషన్ ఎవరికన్న చర్చ మన దగ్గర జరగదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 62 శాతం దాకా ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లకు చేసే వేసెక్టమీ ఇంతకంటే తేలికని డాక్టర్లు ఎన్నేళ్లుగా చెబుతున్నా, "మొగోడు బరువులెత్తాలె, పనికి వోవాలె" అన్న ఒక్క మాటతో విషయం తేలిపోతుంది. ఆడమనిషి బిందె ఎత్తదన్నట్టు, నాట్లకు పోదన్నట్టు. ఆ నలుగురూ అలా తేలిపోయిన ఇళ్ల నుంచే క్యాంపుకు వచ్చారు. తమ ఇంటి బాధ్యత తమ ఒంటి మీద వేసుకుని వచ్చారు. వాళ్లు రోగులు కూడా కారు. పొద్దున లేచి, ఇంటి పనులు చేసుకుని, ఆరోగ్యంగా ఆసుపత్రికి నడిచి వెళ్లిన మనుషులు. ఈ విషాదంలో మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

వాళ్లకు చేసింది డీపీఎల్, అంటే డబుల్ పంక్చర్ లాప్రోస్కోపీ. పొట్ట మీద రెండు చిన్న రంధ్రాలు చేసి, లోపలికి గ్యాస్ పంపి, ఒక రంధ్రంలోంచి కెమెరా గొట్టాన్ని, ఇంకోదాంట్లోంచి పనిముట్టును దింపి, అండవాహికలకు చిన్న రింగులు బిగిస్తారు. పెద్ద కోత ఉండదు. నిమిషాల్లో అయిపోతుంది. కొద్ది గంటలు పడుకోబెట్టి పంపించేయవచ్చు. అందుకే ఊళ్లలో దీన్ని చిన్న ఆపరేషన్ అంటారు. చిన్నది పైకి కనబడే గాటు మాత్రమే. పనిముట్టు దిగేది కడుపులోకి. ఒకరి కడుపులోంచి తీసినదాన్ని ఇంకొకరి కడుపులోకి దించే ముందు శుభ్రంగా కడిగి, క్రిములను చంపే ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టాలి. క్యాంపులో బయట వరుస పెరుగుతుంటే, ఆ 20 నిమిషాల మీదే అందరి తొందరా పడుతుంది. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఒక బృందం రోజుకు 30 ఆపరేషన్లకు మించి చేయకూడదు. అదీ మూడు లాప్రోస్కోపులు ఉంటేనే. ఆ రోజు ఇబ్రహీంపట్నం క్యాంపులో చేసినవి 34.

ఇళ్లకు చేరిన ఒకటి రెండు రోజుల్లోనే కొందరికి వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలయ్యాయి. వాంతులు, విరేచనాలు అంటే మన ఇళ్లలో ఎవరికైనా తట్టేది ఒకటే: తిన్నది పడలేదు. ఇంటివాళ్లనే అని లాభం లేదు. గ్యాస్ట్రోఎంటరైటిస్ లక్షణాలు అన్న మాటే అధికారుల నోటి నుంచీ మొదట వచ్చింది. కడుపులోకి చేరిన క్రిమి నెత్తురులో కలిస్తే మొదట కనబడేవి ఇలాంటి మామూలు సంగతులే. ఒళ్లు కాలుతుంది, లేదా చల్లబడుతుంది. గుండె దడదడలాడుతుంది. మూత్రం తగ్గుతుంది. బీపీ పడిపోతుంది. మాట తడబడుతుంది. అప్పుడు గంట గంటకూ మనిషి చేజారిపోతుంది. డాక్టర్లు దీన్ని సెప్సిస్ అంటారు. ఓఆర్ఎస్ నీళ్లు తాగిస్తే తేరుకునే విరేచనాలకూ దీనికీ తేడా పట్టడం వైద్యం చదివినవాళ్లకే కష్టం. ఆపరేషన్ అయిన మనిషికి ఇలా ఉంటే వేరే ఆలోచన లేకుండా వెనక్కి తీసుకురావాలి అన్న ఒక్క మాట మాత్రం ఎవరికైనా చెప్పవచ్చు, ఎవరికైనా అర్థమవుతుంది.

ఆపరేషన్ అయి వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో ఆ రాత్రి ఎలా గడుస్తుందో పల్లె తెలిసిన ఎవరికైనా ఎరుకే. ఆసుపత్రి నోరు మూసుకున్న చోట ఊరు నోరు తెరుస్తుంది. నీళ్లు ఎక్కువ తాగితే చీము పడుతుందని ఒక అత్త, వంకాయ, గోంగూర ముట్టొద్దని ఇంకో పెద్దమ్మ. పథ్యం చెప్పే నోళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఎప్పుడు భయపడాలో చెప్పే నోరే ఉండదు. "నొప్పి ఉంటది గదా, ఓర్చుకోవాలె" అంటారు. ఆడపిల్లకు పుట్టినప్పటి నుంచీ నేర్పేది ఓర్చుకోవడమే కనుక, కడుపు ఉబ్బుతున్నా, ఒళ్లు తూలుతున్నా ఆమె నోరు విప్పదు. మరీ మించితే ఊళ్లోని ఆర్ఎంపీ వస్తాడు. ఒక సూది వేస్తాడు, ఒక సెలైన్ పెడతాడు. అతన్ని తిట్టి ప్రయోజనం లేదు. అర్ధరాత్రి పిలిస్తే పలికే మనిషి అతనొక్కడే. అలా ఒక రాత్రి గడుస్తుంది. సెప్సిస్‌కు కావలసింది ఆ ఒక్క రాత్రే.

ఆగస్టు 28, ఆదివారం నాడు మొదటి చావు కబురు వచ్చింది. 30వ తేదీకి నలుగురయ్యారు. తెల్లవారితే వినాయక చవితి. వీధి వీధినా మండపాలు లేస్తున్న రోజున ఆ నాలుగు ఇళ్ల ముందు పాడెలు లేచాయి. కడుపు మండిన బంధువులు సాగర్ రోడ్డు మీద బైఠాయించారు. అప్పుడు వైద్య బృందాలు మిగిలిన 30 మంది ఇళ్లకూ వెళ్లాయి. లక్షణాలున్నవాళ్లను నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. వాళ్లు బతికి బయటపడ్డారు. వాళ్ల గుమ్మాల్లోకి వైద్యసిబ్బంది వచ్చి చెయ్యి పట్టి చూసింది కనుక బతికారు. వాళ్లు అలా రావడానికి ముందు నాలుగు ప్రాణాలు పోవాల్సి వచ్చింది.

తరువాత జరిగినదంతా జరగవలసినట్టే జరిగింది. ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయలు, డబుల్ బెడ్‌రూం ఇల్లు, పిల్లలకు గురుకులాల్లో చదువు అని ప్రభుత్వం ప్రకటించింది. ఆసుపత్రి సూపరింటెండెంట్‌ను సస్పెండ్ చేశారు. విచారణ కమిటీ వేశారు. ఇన్ఫెక్షన్ సోకకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తల్లోనే లోపం జరిగిందని తేలింది. పైనుంచి కింది దాకా 13 మంది మీద చర్యలు తీసుకున్నారు. ఇక అప్పుడు, సెప్టెంబరులో, కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ఆపరేషన్ అయినవాళ్లను 24 గంటలు ఆసుపత్రిలోనే ఉంచి చూడాలి. డిశ్చార్జి చేశాక 24 గంటల్లోగా హెల్త్ సూపర్‌వైజర్ ఒకసారి ఇంటికి వెళ్లి చూడాలి. ఆ తర్వాత వారంలో రెండుసార్లు వెళ్లాలి. రోజుకు 30కి మించి చేయకూడదు.

చదువుతుంటే ఎంత తేలికగా కనబడుతుందో చూడండి. ఒక మనిషి గడప దాకా వెళ్లి, "ఎట్లున్నవమ్మా, జ్వరమేమన్న వచ్చిందా, మూత్రం సాఫుగ వస్తున్నదా?" అని అడగడం. కొత్త మందు కాదు, యంత్రం కాదు. ఇది 2022లో పుట్టిన ఆలోచన కూడా కాదు. 2006 నాటి కేంద్ర ప్రమాణాల్లోనే ఇదంతా ఉంది. ఆపరేషన్ చేయించుకున్నామెకు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో ఆమె భాషలో రాసిన కార్డు ఇవ్వాలి. 48 గంటల్లోపు ఒకసారి, ఏడో రోజున ఇంకోసారి చూడాలి. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము, నెత్తురు కనిపించినా, కడుపు ఉబ్బినా, మూత్రం రాకపోయినా, కళ్లు తిరిగి పడినా వెంటనే రమ్మని చెప్పి పంపాలి. పదహారేళ్లు కాగితం మీద పడుకున్న నియమం నాలుగు పాడెలు లేచాక లేచి కూర్చుంది.

ఈ కథకు ఇంకా పాత అధ్యాయాలున్నాయి. 2012 జనవరిలో బీహార్‌లోని అరారియా జిల్లాలో ఒక బడిలో, రెండు గంటల్లో, 53 మంది స్త్రీలకు ఇదే తరహా ఆపరేషన్లు చేశారు. దానిమీద దేవికా బిశ్వాస్ అనే ఆరోగ్య హక్కుల కార్యకర్త సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగానే, 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క డాక్టరు కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్ చేశాడు. 13 మంది చనిపోయారు. అక్కడ కూడా ఇళ్లకు వెళ్లాకే వాంతులు, కడుపునొప్పి మొదలయ్యాయి. 2016 సెప్టెంబరు 14న జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ ఉదయ్ లలిత్ తీర్పు చెప్పారు. మూడేళ్లలోపు ఈ క్యాంపుల పద్ధతికి స్వస్తి చెప్పాలన్నారు. ఆపరేషన్ వల్ల ఏమవుతుందో, ఏం కావచ్చో ఆమెకు అర్థమయ్యే భాషలో వివరించాలన్నారు. మూడేళ్లంటే 2019. ఇబ్రహీంపట్నం క్యాంపు 2022.

ఇంకొక సంగతి ఉంది. ఈ ఆపరేషన్ల కోసం కేంద్రానికి ఒక పరిహార పథకం ఉంది. ఆసుపత్రిలో గానీ, డిశ్చార్జి అయిన 7 రోజుల్లోపు గానీ చనిపోతే ఒక మొత్తం, 8 నుంచి 30 రోజుల్లోపు పోతే అంతకంటే తక్కువ మొత్తం ఇస్తారు. అంటే ఇంటికి పోయాక మొదటి వారమే ప్రమాదమని ప్రభుత్వానికి ఏనాడో తెలుసు. లెక్కల పద్దులో ఆ ఏడు రోజులకు విడిగా గడి కట్టి ఉంచింది. ఆ ఏడు రోజుల సంగతి తెలియనిది ఎవరికంటే, ఆ రోజులు గడపాల్సిన మనిషికి.

ఇది ప్రభుత్వాసుపత్రుల కథే అనుకుని నగరం ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ రోడ్డు మీద అద్దాల ఆసుపత్రుల్లో డిశ్చార్జి ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు "ఇవాళ పంపించేద్దాం" అంటారు. అక్కడి నుంచి బిల్లు కోసం, ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం, లేదా ఆరోగ్యశ్రీ క్లియరెన్స్ కోసం సాయంత్రం దాకా పడిగాపులు. చివరికి ఫైలు చేతికొచ్చేసరికి డ్యూటీ మారి ఉంటుంది. కొత్తగా వచ్చిన సిస్టర్ కాగితం మీద వేలు పెట్టి రెండు నిమిషాల్లో గడగడా చెప్పేస్తుంది. ఇటువైపు మనిషి ధ్యాస చివరి బస్సు మీద. కాగితం మొత్తం ఇంగ్లీషు. అందులో ఓడీ, బీడీ, టీడీఎస్, హెచ్ఎస్, ఎస్ఓఎస్. రోజుకొకటి, రెండు పూటలా, మూడు పూటలా, పడుకునే ముందు, అవసరమైతే అని రాస్తే పోయేదానికి ఈ రహస్య లిపి. 2011 జనాభా లెక్కల నాటికి తెలంగాణ ఆడవాళ్లలో అక్షరాస్యత 58 శాతం. అది కూడా తెలుగో, ఉర్దూవో చదవగలగడం. డిశ్చార్జి సమ్మరీ చదవగలగడం కాదు.

దాని ఫలితం ఏ మందుల షాపువాణ్ణి అడిగినా చెబుతాడు. ఆసుపత్రిలో మార్చిన బీపీ గోలీని, ఇంట్లో ఉన్న పాత బీపీ గోలీని కలిపి వేసుకుని కళ్లు తిరిగి పడినవాళ్లు. నొప్పి తగ్గింది కదా అని యాంటీబయాటిక్‌ను మూడో రోజే ఆపేసినవాళ్లు. స్టెంటు వేశాక నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చిన గోలీని, నెల మందు అయిపోగానే కోర్సు అయిపోయిందని వదిలేసినవాళ్లు. ఇన్సులిన్‌ను తిన్నాక పొడుచుకోవాలా, తినకముందా తెలియక రెండూ మార్చి మార్చి చేసినవాళ్లు. వీళ్లెవరూ మూర్ఖులు కారు. వ్యవసాయం లెక్కలు, చిట్టీల లెక్కలు నోటి మీద చెప్పగలవాళ్లు. వాళ్లకు చెప్పవలసినట్టు ఎవరూ చెప్పలేదు, అంతే.

డాక్టరు చెప్పినదానిలో 40 నుంచి 80 శాతం రోగి అక్కడికక్కడే మరచిపోతాడని 2003లో కెస్సెల్స్ అనే డచ్చి పరిశోధకుడు రాశాడు. చదువు ఎక్కువున్న దేశాల రోగుల సంగతే అంత. అందుకే చాలా దేశాల ఆసుపత్రుల్లో చెప్పి ఊరుకోరు. "ఇంటికి వెళ్లాక ఏం చేస్తారో ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అని రోగి చేతే చెప్పిస్తారు. తప్పు చెబితే తప్పు చెప్పినవాడిది కాదు, వివరించినవాడిదని భావించి మళ్లీ వివరిస్తారు. మన దగ్గరా దారులు లేకపోలేదు. బెంగళూరు కేంద్రంగా పనిచేసే నూరా హెల్త్ సంస్థ పదేళ్లకు పైగా ఆసుపత్రి వార్డుల్లోనే రోగి బంధువులను కూర్చోబెట్టి, ఇంట్లో చూసుకోవడం నేర్పిస్తోంది. గాయం ఎలా శుభ్రం చేయాలి, ఏ గుర్తు కనబడితే పరుగెత్తాలి అన్నవి డబ్బుతో పని లేని పాఠాలు. అరగంట సమయమూ, కాస్త మర్యాదా కావాలి.

ఇబ్రహీంపట్నం జరిగి ఐదు నెలలు కాకముందే, 2023 జనవరిలో, దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న మలక్‌పేట ప్రభుత్వాసుపత్రిలో సిజేరియన్ అయిన ఇద్దరు బాలింతలు సంక్రాంతి ముందు చనిపోయారు. అప్పుడూ ఇన్ఫెక్షన్ మాటే వినబడింది. మిగతా బాలింతలను అప్పుడూ నిమ్స్‌కే తరలించారు. ఈసారి వాళ్లు ఇంకా ఇంటి ముఖం పట్టలేదు కనుక మిగిలినవాళ్లను చేతికి అందినంతలో కాపాడుకోగలిగారు. అటు చవితి ముందు నలుగురు, ఇటు సంక్రాంతి ముందు ఇద్దరు. ఆరు ఇళ్లలో ఆ పండుగలు ఇక పండుగలు కావు.

మన పెళ్లిళ్లలో ఆడపిల్లను ఊరికే బండి ఎక్కించి పంపరు. అప్పగింతలు పెడతారు. అత్త చేతిలో, మామ చేతిలో, భర్త చేతిలో, ఒక్కొక్కరి చేతిలో బిడ్డ చేతిని పెట్టి, దీనికి ఇది పడదు, ఇది తెలియదు, కనిపెట్టి చూసుకోండి అని చెప్పి, వాళ్లు ఊ అన్నాకే చెయ్యి వదులుతారు. తల్లి అంతటితో ఆగదు, పదహారు రోజుల పండుగకు కబురు పెడుతుంది. ఆపరేషన్ అయిన మనిషిని ఇంటికి పంపడం కూడా అలాంటి అప్పగింతే కావాలి. ఎవరి చేతిలో పెడుతున్నాం, ఏం చెప్పి పెడుతున్నాం, విన్నవాళ్లు ఊ అన్నారా, మళ్లీ కబురు ఎప్పుడు అన్నది చూడాలి. ఆ 34 మందినీ ఆ రోజు ఎవరి చేతిలోనూ పెట్టలేదు.

కొత్తపేటలో పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న జాగాలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో, ఇబ్రహీంపట్నం ఘటనకు నాలుగు నెలల ముందు, శంకుస్థాపన చేశారు. మంచిదే, సాగర్ దారి, విజయవాడ దారి జనానికి అది కావలసిందే. అయితే పడక అన్నది రోగి ఖాళీ చేసే వస్తువు. వెయ్యి పడకలంటే ప్రతి నెలా వేల మంది ఇంటి ముఖం పట్టడం. వాళ్ల చేతిలో తెలుగులో, ఉర్దూలో రాసిన ఒక పేజీ, అందులో అపాయ సూచనలు, రాత్రిపూట కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు, ఊళ్లోని ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు ఆ రోజే చేరే కబురు ఉండకపోతే, పడకలు ఎన్ని పెంచినా పెరిగేది రాకపోకలే.

ప్రభుత్వం తన పని చేసేదాకా మన పని మనకుంది. మీవాళ్లను డిశ్చార్జి చేస్తుంటే బిల్లు కట్టిన తొందరలో లేచి రాకండి. ఏ గోలీ ఎప్పుడు, ఎన్నాళ్లు, ఇంట్లో ఉన్న పాత గోలీల్లో ఏవి ఆపాలి అని అడగండి. ఏ లక్షణం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా వెనక్కి రావాలో అడగండి. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో అడిగి, నంబరు రాయించుకోండి. విన్నదాన్ని మీ మాటల్లో సిస్టర్‌కు తిరిగి చెప్పండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇంటికొచ్చాక మొదటి వారం, ముఖ్యంగా ఆ మనిషి ఆడమనిషి అయితే, ఓర్చుకోమని చెప్పకండి. ఒళ్లు ఎట్లుంది అని పూటపూటా అడగండి. తేడా కనబడితే పక్కింటివాళ్ల సలహా కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.